ఉప్పునీటి ప్రాణులు: ‘తట్టుకొనును’ అను మాట చాలునా?

కృష్ణానది పులిగడ్డవద్ద రెండుగా చీలి, దివిసీమను ఇరువైపులనుండి చుట్టి, బంగాళాఖాతములో కలియుచున్నది. ఈ కలియుచోటున నివసించు రొయ్యలకు, పీతలకు, ఆలుచిప్పలకు, నత్తలకు ఒక విచిత్రమైన చిక్కు కలదు. వాటి యిల్లు కదలదు. ఇంటిలోని నీరు మాత్రము మారుచుండును. వేసవిలో నది సన్నగిల్లినపుడు సముద్రపు పోటు ఉప్పునీటిని ఏటిలోనికి ఎగదోయును. వానకాలమున వరద దిగినపుడు అదేచోట దాదాపు మంచినీరు పారును. ఇది చాలదన్నట్లు దినమునకు రెండుమార్లు పోటు, రెండుమార్లు పాటు వచ్చి నీటి రుచిని మార్చుచునే యుండును. నడిసముద్రపు ప్రాణులలో పెక్కింటిని ఇట్టిచోట విడిచినచో అవి బ్రతుకజాలవు. ఈ చిన్నప్రాణులు మాత్రము తరతరములుగా ఇక్కడనే పెరుగుచున్నవి.

వీటిని గూర్చి పుస్తకములలోను, ఉపన్యాసములలోను, చెరువుగట్లమీదను సాధారణముగా వినబడు మాట ఒక్కటే: ‘ఈ ప్రాణి ఉప్పును తట్టుకొనును.’ ఆ మాటవెంట రెండంకెలు వచ్చును. వన్నామీ రొయ్య వేయింట అరపాలు ఉప్పునుండి 45 పాళ్ళవరకు తట్టుకొనునని చెప్పుదురు. విన్నవారు తృప్తిపడుదురు. ఈ మాట అబద్ధము కాదు. కాని అది సమాధానమువలె కనబడుచు ప్రశ్నను మూసివేయుచున్నది. తట్టుకొనుట ఏవిధముగా? ఏమి వెచ్చించి? ఎంతకాలము? ఏ వయస్సున? ఏ ఉప్పును? ఈ అయిదు ప్రశ్నలకును ఆ రెండంకెలలో జవాబు లేదు. ఈ శాస్త్రములో ప్రసిద్ధములైన కొన్ని సిద్ధాంతములను కూడ ఈ ప్రశ్నలతో ఒరసి చూచినచో వాటి బలమెంతయో, బలహీనత ఎక్కడనో తెలియగలదు.

ఒక మాట, మూడు పనులు

వేయి గ్రాముల నీటిలో ఎన్ని గ్రాముల లవణములు కరగియున్నవో ఆ సంఖ్యను లవణీయత యందురు. నడిసముద్రమున ఇది సుమారు 35. మామిడిముక్కలమీద ఉప్పు చల్లి ఉంచినచో కొంతసేపటికి ముక్కలనుండి నీరూరును; ఎండుద్రాక్షను మంచినీటిలో వేసినచో ఉబ్బును. పలుచని పొరకు ఇరువైపుల గాఢతలు వేరైనపుడు పలుచని ద్రవమునుండి చిక్కని ద్రవమువైపునకు నీరు పోవును. ఇదియే ద్రవాభిసరణము. నీటిప్రాణుల మొప్పలు ఊపిరి పీల్చుటకై మిక్కిలి పలుచగా నుండవలెను గనుక అవి ఈ సూత్రమునకు నిత్యము లోబడియే యుండును. ప్రాణి రక్తము చిక్కనై చుట్టునున్న నీరు పలుచనైనచో నీరు లోనికి చొరబడును, ఉప్పు బయటికి జారిపోవును. దీనికి విపరీతముగా నున్నచో ప్రాణి నీటి నడుమనే యుండి ఎండిపోవును.

ఈ చిక్కును దాటుటకు మూడు మార్గములు కలవు. మొదటిది తలుపు వేసికొనుట. ఆలుచిప్పలు, రాళ్ళకంటుకొని యుండు బార్నకిల్సు పలుచని నీరు తగులగనే చిప్ప బిగించుకొని పోటు తిరిగివచ్చువరకు వేచియుండును. ఇది కొన్నిగంటలకు, మహాయైన కొన్నిదినములకు చాలును. వారములతరబడి పారు వరదకు చాలదు. తలుపు మూసినంతకాలము తిండియు లేదు, మంచి ఊపిరియు లేదు.

రెండవది లొంగిపోవుట. రక్తమును నీటితోపాటు మారనిచ్చి, కణములలోపలి గాఢతను మాత్రము దానికి తగినట్లు సవరించుకొనుట. కణములలో గ్లైసీను, ప్రోలీను, టారీను వంటి చిన్న అణువులు నిలువయుండును. నీరు పలుచనైనపుడు కణము వీటిని తగ్గించుకొనును, చిక్కనైనపుడు పెంచుకొనును. ఉప్పు పోవుటను ఆపలేదు గాని కణము ఉబ్బి పగులకుండ కాచుకొన్నది.

మూడవది ఎదురు నిలుచుట. రొయ్యలలో పెక్కు, పీతలలో కొన్ని రక్తపు గాఢతను తమకు తగినచోట నిలుపుకొనును. ఐరోపా సముద్రతీరమున దొరకు మాయా అను పీతకు ఈ శక్తి లేదు. కార్సినస్ అను తీరపు పీతకు కలదు. ఎరియోకీర్ అను చైనాపీత నదులలో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు సముద్రమునకు పోవును. డెల్టా చెరువులలో పెరుగు టైగరు రొయ్య, వన్నామీ రొయ్య రెండువైపుల పోరాడగలవు: పలుచని నీటిలో నీటికంటె చిక్కని రక్తమును, నడిసముద్రపు నీటిలో నీటికంటె పలుచని రక్తమును నిలుపుకొనును. లవణీయత సుమారు 25 ఉన్నచోట రక్తము, నీరు సమానమగును. ఉప్పు కొటార్లలో కనబడు ఆర్టీమియా అను చిన్న రొయ్యవంటి జీవి అన్నిటిని మించినది. ఉప్పు పేరుకొనబోవు నీటిలో కూడ రక్తమును పలుచగా ఉంచుకొని ఈదును. మ్రింగిన నీటిలోని ఉప్పును అది మొప్పలద్వారా వెలికి త్రోయుచున్నదని 1958లో క్రోఘన్ ప్రకటించిన ప్రయోగములు చూపినవి.

తలుపు మూసినవానిని, లొంగిపోయినవానిని, పోరాడినవానిని ఒకే మాటతో ‘తట్టుకొన్నవాడు’ అనుట న్యాయమా? వరద తీసిన పిదప ముగ్గురును బ్రతికియే యుందురు. కాని వరద మరి పదిదినములు నిలిచినచో ముగ్గురి గతియు ఒకటి కాదు. ఆ మాటలోని మొదటి లోపమిది.

ఇక్కడ మరొక పొరపాటును కూడ సవరించుట అవసరము. శరీరమున ఉప్పును, నీటిని సరిచూచునది విసర్జకాంగమేయని తలచుట సహజము. మానవునిలో మూత్రపిండము ఆ పని చేయుచున్నది గదా. కాని చైనాపీత మంచినీటిలో నున్నపుడు కూడ దాని మూత్రము రక్తమంత చిక్కగానే యుండును. అనగా హరితగ్రంథి నీటిని వెళ్ళగొట్టుచున్నదేగాని ఉప్పును మిగుల్చుటలేదు. పోయిన ఉప్పును పలుచని నీటినుండి ఏరి తెచ్చునవి మొప్పలే. ఈ పనిచేయు అణుయంత్రమును, అనగా సోడియమును ఒకవైపునకు, పొటాషియమును మరొకవైపునకు నడుపు ఎంజైమును, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ 1957లో కనుగొనెను. ఆయన దానిని వెదకినది తీరపు పీత కాలి నరములలోనే. దానికి నోబెల్ బహుమానము 1997లో లభించెను. మానవుని మెదడులోను, కృష్ణాముఖమునందలి పీత మొప్పలోను పనిచేయు పంపు ఒకే జాతిది.

బాల్టిక్ కొలమానము కృష్ణకు సరిపడునా?

ఉప్పునీటి ప్రాణిశాస్త్రమున ప్రసిద్ధమైన చిత్రమొకటి జర్మను శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ రెమానె 1934లో గీచినది. మంచినీటినుండి సముద్రమువరకు లవణీయత పెరుగుచుండగా జాతుల సంఖ్య ఎట్లు మారునో అది చూపును. సుమారు 5కును 8కిని నడుమ జాతులు అత్యల్పము. మంచినీటి జీవులు అక్కడికి రాలేవు, సముద్రజీవులు అక్కడికి దిగలేవు అని దాని భావము. 1958లో వెనిస్ నగరమున సమావేశమైన శాస్త్రజ్ఞులు ఉప్పునీటిని 0.5, 5, 18, 30, 40 అను ఎల్లలతో మండలములుగా విభజించిరి. ఈ రెండును నేటికిని పుస్తకములలో కనబడుచున్నవి.

రెమానె చిత్రము తన తావున గొప్పది. అతడు పరిశీలించినది బాల్టిక్ సముద్రము. అక్కడ ఆటుపోట్లు దాదాపు లేవు. పడమటి చివర ఉప్పదనము ఎక్కువ, ఉత్తరపు చివర మిక్కిలి తక్కువ. నడుమ ఒక్కొక్క తావున లవణీయత సంవత్సరము పొడుగున ఇంచుమించు ఒక్కతీరున నుండును. అట్టిచోట ‘7 లవణీయతలో బ్రతుకు జంతువు’ అను మాటకు అర్థము కలదు. కృష్ణాముఖమున ఆ మాటకు అర్థమేమి? హంసలదీవివద్ద నేలలో పాతిన గుంజ ఒకటియే. దానిని తాకు నీరు వరదలో మంచినీటికి చేరువై, వేసవిలో సముద్రమునకు చేరువగును. వెనిస్ మండలములన్నియు ఒకే తావును ఒకే సంవత్సరములో దాటిపోవుచుండును. ఇక్కడి ప్రాణి ఎదుర్కొనునది ఒక అంకెను కాదు, అంకెల పరుగును.

ఈ భేదమును గుర్తించినవారు పడమటి దేశములలోను కలరు. ఇంగ్లండులో థేమ్సు నదీముఖమును పరిశీలించి ఎట్రిల్ 2002లో చేసిన సూచన గమనింపదగినది. జాతుల సంఖ్యను నిర్ణయించునది సగటు లవణీయత కాదు, లవణీయతలోని హెచ్చుతగ్గుల విస్తారము అని అతని వాదము. ఆటుపోట్లు, ఋతుపవనములు గల డెల్టాకు ఈ వాదము రెమానె చిత్రముకంటె దగ్గరైనది. అయినను ఇదియు సంపూర్ణము కాదు. ఆరునెలలలో మెల్లగా 30నుండి 5కు దిగుట వేరు. ఒక్కరాత్రిలో దిగుట వేరు. విస్తారము రెంటికిని ఒకటియే, వేగము ఒకటి కాదు. మొప్పలలో క్రొత్త పంపులు కట్టుకొనుటకు ప్రాణికి దినములు కావలెను. మెట్లు దిగినవానికిని మేడపైనుండి పడినవానికిని దాటిన ఎత్తు సమానమే.

వెచ్చని నీటి వాదము

ఇదే శాస్త్రమున భారతీయుల కృషి తక్కువది కాదు. ఎన్. కేశవ పణిక్కరు 1937లో అయ్యరుతో కలిసి మద్రాసు ఉప్పునీటి జంతుజాలమును వర్ణించెను. 1940లో ‘నేచర్’ పత్రికలో ఒక ఆలోచనను ప్రకటించెను: చల్లని నీటిలో రొయ్యలకు రక్తపు గాఢతను నిలుపుకొను శక్తి తగ్గుచున్నది, అందుచేతనే శీతలదేశములకంటె ఉష్ణదేశములలో సముద్రజాతులు ఎక్కువగా నదులలోనికి ఎగబ్రాకుచున్నవి. పిమ్మట 1966లో స్థాపితమైన జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు ఆయనయే తొలి డైరెక్టరు.

ఈ వాదములో అందమున్నది. ప్రయోగశాలలోని ఒక చిన్న పరిశీలనతో భూగోళమంతటి వ్యాప్తిని వివరింపబూనినది. కాని ఇంగ్లండు తీరపు రొయ్యలపై ప్లిమత్‌లో చేసిన పరిశీలననుండి ఉష్ణమండల నదులవరకు సాగుటకు నడుమ కొన్ని మెట్లు కావలెను. ఉష్ణదేశమునకు వెచ్చదనము మాత్రమే గాక ఋతుపవనము కూడ కలదు. ప్రతి సంవత్సరము వచ్చి పోవు వరదను యుగములుగా ఎదుర్కొన్న జాతులు దానికి తగినట్లు జీవితచక్రమునే దిద్దుకొని యుండవచ్చును. అపుడు శక్తి వెచ్చదనముచేత వచ్చినదా, వరదల శిక్షణచేత వచ్చినదా యను ప్రశ్న మిగులును. వెచ్చని నీటిలో ఆక్సిజను తక్కువ కరగుననియు, పోరాడు ప్రాణికి ఆక్సిజను ఎక్కువ కావలెననియు మరువరాదు. వెచ్చదనము ఒక చేత ఇచ్చినదానిలో కొంత రెండవ చేత తీసికొనుచున్నది. పణిక్కరు వాదము తప్పని దీని భావము కాదు. అది కథలో ఒక అధ్యాయమేగాని కథ యంతయు కాదని భావము.

వెల ఎంత?

తట్టుకొనుటకు అయ్యెడి వెలను కొలువబూనిన ప్రయోగములలో తెలుగునాటి శాస్త్రజ్ఞుడు కె. పంపాపతిరావు 1958లో ‘జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బయాలజీ’లో ప్రకటించినది స్మరణీయము. మెటాపీనియస్ మోనోసెరస్ అను రొయ్యను సముద్రమునుండియు, ఉప్పునీటి ఏటినుండియు తెచ్చి, వేర్వేరు లవణీయతలలో అవి పీల్చు ఆక్సిజనును కొలిచెను. సముద్రపు రొయ్య సముద్రజలములోనే అత్యల్పముగా ఊపిరి పీల్చినది. ఏటి రొయ్య సగము పలుచన చేసిన సముద్రజలములో అత్యల్పముగా పీల్చినది. దేని యింట దానికి ఖర్చు తక్కువ. ఇల్లు విడిచినచో ఖర్చు పెరుగును. జాతి పేరు ఒక్కటే యైనను రొయ్య పెరిగిన నీటిని బట్టి లెక్క మారునని ఆ ప్రయోగము తేల్చినది. ‘ఈ జాతి ఇంత ఉప్పును తట్టుకొనును’ అని జాతి కంతటికి ఒకే అంకె వ్రాయువారికి ఇది ఆనాడే హెచ్చరిక.

అయినను ఈ అంకెలనుండి ఎంతవరకు పోవచ్చును? రెండు తావుల రొయ్యలు పుట్టుకచేతనే వేరను ఊహ మనసునకు తోచవచ్చును. కాని ఈ రొయ్య సముద్రములోనే గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఏటిలోనికి వచ్చి పెరిగి తిరిగి సముద్రమునకు పోవును. ఏటి రొయ్య సముద్రపు తల్లి బిడ్డయే. కనుక ఆ భేదము రక్తసంబంధమైన దనుటకంటె అలవాటువలన కలిగిన దనుటయే ఎక్కువ సమంజసము. నిశ్చయముగా తేల్చుటకు ఒకే తల్లి పిల్లలను రెండు నీళ్ళలో పెంచి చూడవలెను.

మరొక చిక్కు కూడ ఉన్నది. పెరిగిన ఊపిరి యంతయు ఉప్పును పంపుటకే వ్యయమైనదా? 1954లో పాట్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు భౌతికశాస్త్ర సూత్రములనుబట్టి లెక్కకట్టెను. మంచినీటిలో నున్న చైనాపీత ఉప్పును నిలుపుకొనుటకు కనీసము కావలసిన శక్తి, దాని మొత్తము శక్తివ్యయములో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. ఈ లెక్క ఏమాత్రము నష్టములేని ఆదర్శయంత్రమునకు వర్తించును. నిజమైన పంపు అంతకు కొన్ని రెట్లు ఖర్చు చేయును. అట్లు హెచ్చించినను ప్రయోగములలో కనబడు పెరుగుదల యంతయు పంపు లెక్కలోనికి రాదు. మిగిలినది ఎక్కడికి పోయినది? క్రొత్తనీటిలో బెదరి రొయ్య అటునిటు ఈదుటకు కొంత, కణములలో అమైనో ఆమ్లములను కూర్చుటకు, విడదీయుటకు కొంత పోయియుండును. ఆక్సిజను కొలత ఇంటి మొత్తము ఖర్చును చెప్పునుగాని ఏ పద్దు క్రింద ఎంతయో చెప్పదు. ఈ విచక్షణ లేక, ఊపిరి పెరిగినదంతయు ఉప్పు పోరాటమేయని వ్రాయుట తొందరపాటు.

దీనినుండి మరొక తొందరపాటు పుట్టినది. రక్తము, నీరు సమానమగు 25 లవణీయతవద్ద పోరాటమే లేదు గనుక రొయ్య అక్కడ మిక్కిలి బాగుగ పెరుగవలెనని కొందరు తర్కించిరి. వినుటకు సొంపుగా నున్నది గాని, వన్నామీ రొయ్య అంతకంటె చాల పలుచని నీటిలో బాగుగ పెరిగిన ప్రయోగములు కలవు. పెరుగుదలకు తిండి, రోగము, నీటి శుభ్రత, ఆక్సిజను అన్నియు కారణములే. ప్రకృతి ఒక్క పద్దుతో లెక్క ముగింపదు.

ఏ ఉప్పు? ఏ వయస్సు?

లవణీయత అను అంకెలోనే మరొక మాయ కలదు. అది మొత్తము. సముద్రజలపు ఉప్పులో ఏయే లవణము ఎంతెంత వంతున నుండునో ఆ వంతు ప్రపంచమంతట దాదాపు స్థిరము. కిలోగ్రాము సముద్రజలములో సుమారు 10.8 గ్రాముల సోడియము, 0.4 గ్రాము పొటాషియము ఉండును. దానిని మంచినీటితో 4 లవణీయతకు పలుచన చేసినచో పొటాషియము సుమారు 45 మిల్లీగ్రాములకు దిగును. వంతు మాత్రము చెడదు. కాని నేలలోనుండి వచ్చు ఉప్పుబోరు నీటికి ఈ నియమము లేదు. మట్టిపొరలగుండ ఊరివచ్చునపుడు బంకమట్టి పొటాషియమును పట్టి ఉంచును. అందుచే 4 లవణీయత గల బోరునీటిలో పొటాషియము పై లెక్కకంటె మిక్కిలి తక్కువగా నుండవచ్చును.

కృష్ణా జిల్లా చెరువుల రైతునకు ఇది పుస్తకవిషయము కాదు. వన్నామీ రొయ్య అమెరికా ఖండపు పసిఫిక్ తీరమునకు చెందినది. 1994 ప్రాంతమున తెల్లమచ్చ వ్యాధి టైగరు రొయ్య పెంపకమును దెబ్బతీసిన తరువాత, 2009లో ప్రభుత్వానుమతితో ఇది దేశమున ప్రవేశించినది. తక్కువ ఉప్పును తట్టుకొనునను కీర్తి దీనికి ముందే కలదు. ఆ కీర్తినే నమ్మి సముద్రమునకు దూరమున, బోరునీటితో కూడ చెరువులు వెలసినవి. రైతు రిఫ్రాక్టోమీటరులో ఒక చుక్క వేసి అంకె చూచును. ఆ పరికరము కాంతి వంగుటనుబట్టి మొత్తము ఉప్పును చెప్పును. పొటాషియము ఉన్నదో లేదో దాని కంటికి కానరాదు. అంకె బాగున్నది, తెచ్చిన సీడు మాత్రము నిలువలేదు. మొప్పలోని పంపు సోడియమును నడుపుటకు పొటాషియము కావలెను గదా. అది కరవైనచో ఎంత వీరుడైనను పోరాడలేడు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున బావినీటి చెరువులలో ఈ సంగతిని గుర్తించి పొటాషియము, మెగ్నీషియము గల ఎరువులను నీటిలో వేయగా రొయ్యల బ్రతుకు మెరుగుపడినది. డెల్టాలోను పొటాషు వేయు వాడుక నేడు కలదు. కాని నీటిని పరీక్ష చేయించి లోటు తెలిసి వేయుట వేరు; ప్రక్కరైతు వేసెనని వేయుట వేరు. ‘తట్టుకొనును’ అను మాట ఈ పరీక్ష అనవసరమను భ్రమను కలిగించినది. రొయ్య తట్టుకొన్న ఉప్పును ప్రక్కపొలములోని వరి తట్టుకొనజాలదను సంగతిని కూడ అది దాచినది.

ఇక వయస్సు. మంచినీటి రొయ్యగా పేరొందిన నీలకంఠ రొయ్యను చూడుడు. పెద్దది ఏళ్ళలో, కాలువలలో, చెరువులలో హాయిగా బ్రతుకును. దానిని సముద్రసంబంధమైన ప్రాణి యని ఎవరును అనుకొనరు. కాని దాని గ్రుడ్లనుండి వచ్చిన లార్వాలు మంచినీటిలో కొలదిదినములలోనే చచ్చును. వాటికి సుమారు 12 లవణీయత గల నీరు కావలెను. ఈ రహస్యము తెలియక దాని పిల్లలను పెంచుట చాలకాలము ఎవరికిని సాధ్యము కాలేదు. మలయాలోని పెనాంగులో ష్యావొ వెన్ లింగ్ 1961లో ఉప్పునీటిలో పెంచి ఆ చిక్కును విడదీసెను. గ్రుడ్లను పొట్టక్రింద మోయు తల్లి ఏటివెంట దిగువకు పోవలెను. పెరిగిన పిల్ల ఎగువకు రావలెను. విజయవాడవద్ద 1855లో ఆనకట్ట, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి లేచినవి. వాటివలన డెల్టా అన్నపూర్ణ యైనది. కాని ఇట్టి ప్రాణి దారిలో అవి గోడలు. జీవితములో ఒక వారము ఉప్పు చాలనిచో మిగిలిన ఏడాదియంతయు తట్టుకొన్నను ఫలమేమి?

రొయ్య కుబుసము విడుచు సమయము కూడ ఇట్టిదే. పాతపొర విడిచి, నీరు పీల్చి, ఒడలు పెంచుకొను ఆ కొన్నిగంటలలో చర్మము మెత్తనిది. నీరు, ఉప్పు సులభముగా అటునిటు పోవును. మామూలు దినమున హాని చేయని మార్పు ఆనాడు ప్రాణము తీయవచ్చును. పై రెండంకెలు గట్టిపొర గల ఆరోగ్యవంతమైన పెద్ద రొయ్యకే గాని, ఆ గంటలోని రొయ్యకు కావు.

నది మారినపుడు

ఇన్ని సవరణలు ఎందుకు? నది మారినది గనుక. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలబడెను. పిమ్మట శ్రీశైలము, ఎగువ రాష్ట్రముల జలాశయములు వచ్చినవి. నీరు పొలములకు మళ్ళినకొలది సముద్రమునకు చేరునది తగ్గినది. 2001 మొదలు 2004 వరకు వచ్చిన కరవుకాలమున సముద్రమును చేరిన కృష్ణాజలము నామమాత్రము. మరొకప్రక్క 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగినది. సంవత్సరముల సగటు తీసినచో ఈ రెండును ఒకదానినొకటి కప్పివేయును. ముఖద్వారమున నున్న పీత సగటులో బ్రతుకదు. దానికి ఒకనాడు ఉప్పు నిలువ, ఒకనాడు మంచినీటి ఉప్పెన. పూర్వము ఏటేట మెల్లగా వచ్చి పోయిన మార్పునకు తగినట్లు జీవితమును దిద్దుకొన్న జాతికి ఈ క్రొత్త లయ పరిచితము కాదు.

కొల్లేరును ఉప్పుటేరు సముద్రముతో కలుపుచున్నది. సరస్సులో మంచినీరు తగ్గినపుడు ఆ దారిని ఉప్పునీరు ఎగబ్రాకును. అక్కడి జీవులనుగూర్చి కూడ ‘కొన్ని తట్టుకొనును, కొన్ని తట్టుకొనవు’ అని రెండు జాబితాలు వ్రాసి ఊరకుండుట సులభము. కాని ఏ నెలలో, ఎంత వేగముతో, ఏ వయస్సు పిల్లలు నీటిలోనున్నపుడు ఉప్పు పెరిగినదో వ్రాయనిచో ఆ జాబితాలు ఎవరికిని దారి చూపవు.

శాస్త్రములో మాట కొలతవంటిది. కొలత తప్పినచో బేరమంతయు తప్పును. ‘తట్టుకొనును’ అను మాటను తీసివేయుట సాధ్యము కాదు, అవసరమును కాదు. కాని ఆ మాట వాడునపుడెల్ల దానివెంట కొన్ని విశేషణములు నడువవలెను: ఏవిధముగా, ఎంత వెలకు, ఎన్నిదినములు, ఏ దశలో, ఏ లవణముల వంతులో. పుస్తకము వ్రాయువారు జాతికొక అంకె ఇచ్చుటకు బదులు ఈ వివరములు ఇచ్చినచో విద్యార్థి ప్రాణిని బొమ్మగాగాక జీవముగా చూడగలడు. సీడు అమ్మువారు, సలహా చెప్పువారు ఈ వివరములు చెప్పినచో రైతు అప్పుచేసి తెచ్చిన పిల్లలను నీటిపాలు చేయడు. నీటిని పంచువారు బ్యారేజి దిగువకు ఎంత వదలుదురో గాక ఎప్పుడు, ఎంత వేగముతో వదలుదురో ఆలోచించినచో నదీముఖమునందలి జాతులకు మెట్లు దిగు అవకాశము దొరకును.

రెమానె చిత్రము, పణిక్కరు ఊహ, పంపాపతిరావు కొలతలు, పాట్స్ లెక్క — వీటిలో ఏదియు వ్యర్థము కాలేదు. ఒకదాని లోపమును మరొకటి చూపినది. అట్లు చూపుటవలననే ప్రశ్న పదునెక్కినది. పీత మొప్పలోని పంపు అలసట ఎరుగకుండ పనిచేయుచున్నట్లు కనబడును. నిజమునకు దాని ప్రతి త్రిప్పునకు తిండినుండి వచ్చిన శక్తి ఖర్చగుచున్నది. ఆ ఖర్చును భరింపగలిగినంతవరకే తట్టుకొనుట. భరింపలేని దినమున రెండంకెల నడుమనే ప్రాణి చచ్చును.